వృద్ధాప్యంలో అన్యాయం - ఫిర్యాదు చేయడం పాపమా?

"ఇమాం సాబ్! కన్నకొడుకు మీద ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుంటే గునాహ్ అవుతుందా?"

నల్లగొండ, పాలమూరు పల్లెల మస్జిదుల్లో జుమా నమాజు ముగిసి జనమంతా వెళ్ళిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. అడిగేవారు సాధారణంగా డెబ్భై దాటినవారు. స్త్రీలైతే నేరుగా అడగరు, ఇమాం సాబ్ ఇంట్లోని ఆడవాళ్ళ ద్వారా అడిగిస్తారు. ఆ ప్రశ్న వెనుక ఏముందో వారు చెప్పరు. పింఛను డబ్బులు చేతికి రావడం లేదని కొందరు, పట్టా మారిపోయిందని కొందరు, చెయ్యి చేసుకున్నారని మరికొందరు అడగబోయి ఆగిపోతారు. "పోనీలే బేటా, సబ్ర్ చేస్తాను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

ప్రియ సోదర సోదరీమణులారా! ఈ ప్రశ్నకు జవాబు ముందే చెప్పుకుందాం. అన్యాయానికి గురైన వ్యక్తి తన బాధను చెప్పుకోవడం, న్యాయం చేయగలవారి దగ్గరికి వెళ్ళడం పాపం కాదు. చెడు మాట బహిరంగంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని దివ్య ఖుర్ఆన్ చెబుతూనే, ఆ వెంటనే జులుంకు గురైనవారిని దాని నుండి మినహాయించింది (అన్ నిసా సూరా, 148). అల్లాహ్ స్వయంగా తెరిచి ఉంచిన ఆ తలుపును, ఇజ్జత్ పేరు చెప్పి మనం ఎందుకు మూసేస్తున్నాము?

అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. పొరుగువాడు బాధిస్తున్నాడని ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చాడు. మొదట సహనం వహించమని చెప్పి పంపారు. అతను మళ్ళీ మళ్ళీ వచ్చాడు. అప్పుడు, నీ సామాను తీసుకెళ్ళి వీధిలో పెట్టుకో అని సలహా ఇచ్చారు. దారిన పోయేవారు ఏమైందని అడగసాగారు. విషయం విన్నవారంతా ఆ పొరుగువాణ్ణి శపించసాగారు. చివరికి ఆ పొరుగువాడే పరుగున వచ్చి, ఇంట్లోకి తిరిగి వెళ్ళు, ఇక నీకు నా వల్ల ఏ కష్టమూ ఉండదని బతిమాలుకున్నాడు. సహనానికి ఒక దశ ఉంది. ఆ దశ దాటాక అన్యాయాన్ని నలుగురి కళ్ళ ముందుకు తీసుకురమ్మని సలహా ఇచ్చింది సాక్షాత్తూ దైవప్రవక్తే (స). పొరుగువాడి విషయంలోనే ఇలా ఉంటే, కన్నవారిని ఆకలితో కూర్చోబెట్టిన కొడుకు సంగతి వేరే చెప్పాలా?

ఇక మన ప్రాంతంలో ఈ అన్యాయం ఏ రూపంలో వస్తుందో చూద్దాం. కొట్టడం, తిట్టడం అందరికీ కనిపిస్తాయి. వాటికంటే ముందు జరిగేది చాలాసార్లు కనిపించదు. అది వేలిముద్రతో జరుగుతుంది.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చినప్పటి నుండి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ మండల తహసీల్దారు కార్యాలయంలోనే జరుగుతోంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది, అయినా రిజిస్ట్రేషన్ చేసేది తహసీల్దారే. రిజిస్ట్రేషన్‌తోపాటే పేరు మార్పిడి కూడా అయిపోతుంది. దీనివల్ల రైతుకు తిరుగుడు తప్పింది, అది మంచిదే. కానీ పూర్వం పేరు మారడానికి నెలలు పట్టేది, ఆ నెలల్లో ముసలాయన మనసు మార్చుకోవడానికో, కూతురికి కబురు చేయడానికో వీలుండేది. ఇప్పుడు పొద్దున స్లాట్ ప్రకారం వెళ్ళి వేలు పెట్టి వస్తే, సాయంత్రానికి ఆ మూడెకరాలు మరొకరివి.

ఇందుకు చెప్పే కారణాలు కూడా తియ్యగానే ఉంటాయి. "అబ్బా, రైతు బీమా 59 ఏళ్ళ దాకానే. నీ పేరున ఉంటే ఏం లాభం? నా పేరున ఉంటే రేపు నాకేమైనా అయితే పిల్లలకు 5 లక్షలు వస్తాయి" అంటాడు కొడుకు. మాట అబద్ధం కాదు. 2018లో మొదలైన ఆ పథకం 18 నుండి 59 ఏళ్ళ వారికే. చాలామంది కొడుకులు మంచి ఉద్దేశంతోనే అడుగుతారు కూడా. కానీ పట్టా మారిన మరుసటి ఏడాది అప్పుకో, ప్లాటు బేరానికో ఆ భూమి అమ్ముడుపోతే ఆ తండ్రికి మిగిలేది ఏమిటి? హైదరాబాదు రోడ్ల వెంట భూముల ధరలు పెరిగినకొద్దీ ముసలివారి మంచం చుట్టూ ప్రేమలు కూడా పెరిగాయి. (షాద్‌నగర్ వైపు, చౌటుప్పల్ వైపు ఉన్నవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.)

పింఛను సంగతి ఇంకా చిన్నది, ఇంకా బాధాకరమైనది. 2014లో ఆసరా పేరుతో మొదలైన వృద్ధాప్య పింఛను 2019లో నెలకు 2,016 రూపాయలైంది. పోస్టాఫీసులో వేలిముద్ర వేసేది దాదీ, డబ్బు లెక్కపెట్టుకునేది మనవడు. మందులకు అడిగితే, "ఇంట్లో తింటున్నావు కదా" అని జవాబు. ఇది దొంగతనమని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినరాదని అన్ నిసా సూరా 29వ ఆయత్‌లో ఉంది. అందులో కుటుంబ సభ్యులకు మినహాయింపు లేదు.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. పాలమూరు నుండి ముంబయి, పుణె, హైదరాబాదు మేస్త్రీ పనులకు పోయిన ప్రతి కొడుకూ తల్లిదండ్రుల్ని వదిలేసినవాడు కాడు. వాన లేని నేల తరతరాలుగా వారిని తరిమింది. అడ్డా మీద నిలబడి సంపాదించిన దాంట్లో నెలనెలా పంపేవాడు జాలిమ్ కాడు. వలస వేరు, వదిలేయడం వేరు.

ఇప్పుడు యూసుఫ్ సూరా తెరవండి. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కన్నకొడుకుల చేతిలో మోసపోయిన తండ్రి. వారు చొక్కాకు దొంగ నెత్తురు పూసి తెచ్చి చూపించారు. ఆయన అందమైన సహనం వహించారు. మన పెద్దలకు ఈ ఒక్క ముక్కే గుర్తుంటుంది. కానీ సూరా అక్కడితో ఆగలేదు. కొన్నేళ్ళ తర్వాత అదే కొడుకులు ధాన్యం కోసం బిన్‌యామీన్‌ను తమతో పంపమని అడిగారు. అప్పుడు ఆయన ఏం చేశారు? "నా పిల్లలే కదా" అని ఊరుకోలేదు. ఇంతకుముందు జరిగింది ఎత్తి చూపారు. అల్లాహ్ పేరిట గట్టి ప్రమాణం చేసి ఇస్తేనే పంపుతానన్నారు. ప్రమాణం తీసుకున్నాక దానికి అల్లాహ్‌ను సాక్షిగా నిలిపారు (66వ ఆయత్). ఆ తర్వాతి ఆయత్‌లోనే తన భారం అల్లాహ్ పైనే ఉంచానని చెప్పారు. అంటే ఒక ప్రవక్త తన సొంత కొడుకుల నుండి షరతుతో కూడిన హామీ తీసుకున్నారు! అది తవక్కుల్‌కు విరుద్ధం కాలేదు. మరి కొడుకు దగ్గర కాగితం రాయించుకుంటే ప్రేమకు కొదవ అనుకునే తండ్రులు యాఖూబ్ (అలై) కంటే ఎక్కువ ప్రేమ గలవారా?

కాబట్టి పెద్దలతో మొదటి మనవి, మీ ఆస్తిని మీ పేరునే ఉంచుకోండి. ఇస్లాంలో విరాసత్ మనిషి మరణంతోనే మొదలవుతుంది. మీరు బ్రతికి ఉండగా మీ భూమిలో మీ కొడుక్కి వారసుడిగా ఒక గుంట కూడా రాదు. "నా వాటా నాకు పంచు" అని తండ్రిని నిలదీసే హక్కు షరీఅత్ ఇవ్వలేదు. "పోయాక పిల్లలు కొట్లాడుకుంటారు, ముందే పంచేస్తే మంచిది" అనుకుంటారు చాలామంది. పిల్లల వాటాలు అన్ నిసా సూరాలో అల్లాహ్ ఎప్పుడో పంచేశాడు. ఆ పని మీరు మళ్ళీ చేయనక్కరలేదు.

హిబా విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం, కొడుక్కో కూతురికో హిబా చేసి స్వాధీనం కూడా చేశాక సాధారణంగా దానిని వెనక్కి తీసుకోవడానికి వీలుండదు. బలవంతంతోనో మోసంతోనో చేయించుకున్నదాని సంగతి వేరు. కనుక మీ పరిస్థితి ఉన్నదున్నట్టుగా ముఫ్తీ సాహెబ్ ముందు ఉంచి అడగండి, వేలు పెట్టకముందే అడగండి. ఇక ఇచ్చేవారు కూడా న్యాయం పాటించాలి. ఒక కుమారుడికి మాత్రమే కానుక ఇచ్చి తనను సాక్షిగా ఉండమన్న తండ్రి కోరికను దైవప్రవక్త (స) ఒప్పుకోలేదని హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించారు. కూతుళ్ళను పక్కనబెట్టి అంతా ఒక కొడుకు పేర రాసిన ఇంట్లో, రేపు ఆ కొడుకు అన్నం పెట్టకపోతే వెళ్ళి అడగడానికి ఏ కూతురి గడప మిగులుతుంది?

"రాసేశాం, ఇక ఏం చేయాలి?" అనేవారి కోసం దేశంలో చట్టం ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. 60 ఏళ్ళు దాటినవారు ఆదరణ లేక ఇబ్బంది పడుతుంటే కొడుకులు, కూతుళ్ళు, పెద్దవారైన మనవలు, మనవరాళ్ళ నుండి పోషణ కోరవచ్చు. తల్లిదండ్రులైతే 60 నిండనక్కరలేదు. సంతానం లేనివారు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల నుండి కోరవచ్చు. దరఖాస్తును విచారించే ట్రిబ్యునల్‌కు ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు. అంటే నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట, అచ్చంపేట, కల్వకుర్తి వంటి చోట్ల ఉన్న ఆర్డీవో కార్యాలయమే మీరు వెళ్ళవలసిన చోటు. చట్టం ప్రకారం దీనికి వకీలు అవసరం లేదు. పోషణ దరఖాస్తును 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. పోషణ మొత్తానికి చట్టం పెట్టిన పరిమితి నెలకు 10,000 రూపాయలు. తీర్పు నచ్చకపోతే పెద్దలు 60 రోజుల్లో అప్పీలుకు వెళ్ళవచ్చు. పెద్దవారిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేసినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బస్టాండులో, దర్గా మెట్ల మీద తల్లిని కూర్చోబెట్టి "ఇప్పుడే వస్తా" అని పోయినవాడు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆ చట్టంలోని 23వ సెక్షన్ ఆస్తి గురించినది. బాగా చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక అవతలివారు చూసుకోకపోతే, ఆ బదిలీని మోసంతోనో, బలవంతంతోనో జరిగినట్టుగా పరిగణించి రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. అలాంటి షరతు ఉన్నట్టు చూపాలని 2022 డిసెంబరులో సుప్రీం కోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరి 2న వచ్చిన మరో తీర్పు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లిది. ఆమె 2019లో కొడుక్కి ఆస్తి రాసిచ్చింది. జీవితాంతం చూసుకుంటానని, లేకుంటే దానిని వెనక్కి తీసుకోవచ్చని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమె దగ్గర ఉంది. చట్టం వృద్ధుల మేలు కోసం వచ్చింది గనుక దానిని ఉదారంగా అర్థం చేసుకోవాలని కోర్టు చెప్పింది. ఆ దానపత్రాన్ని రద్దు చేసి, ఆస్తిని ఫిబ్రవరి 28 లోగా తల్లికి స్వాధీనం చేయమంది. ట్రిబ్యునళ్ళు స్వాధీనం ఇప్పించవచ్చని కూడా స్పష్టం చేసింది. ఆ తల్లిని కాపాడింది ఏమిటి? కొడుకు చేత రాయించుకున్న మాటే. యాఖూబ్ (అలై) ఎందుకు ప్రమాణం తీసుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. రాసి ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, అన్నం, మందు, ఉండడానికి గది, ఇవన్నీ ఆ పత్రంలోనే రాయించండి.

"ఇవన్నీ సర్కారు చట్టాలు, మనకెందుకు?" అనేవారు ఫిఖహ్ గ్రంథాలు ఒకసారి తిరగేయాలి. పేద తల్లిదండ్రుల పోషణ సంతానంపై వాజిబ్ అనీ, చేయనివాణ్ణి ఖాజీ నిర్బంధించి చేయించవచ్చనీ అవి చెబుతాయి. తల్లిదండ్రులు వేరే మతస్థులైనా సరే ఈ బాధ్యత పోదు. కొడుకు, కూతురు ఇద్దరూ స్తోమత గలవారైతే ఇద్దరిపైనా ఉంటుంది. అత్తమామల సేవ మాత్రం షరీఅత్ కోడలిపై విధిగా మోపలేదు. చేస్తే అది ఆమె మంచితనం. మన ఇళ్ళలో ముసలివారికి అన్నం పెట్టలేదంటే ముందు కోడలి పేరే వస్తుంది. కొడుకు పేరు ఎవరూ ఎత్తరు. ఇది కూడా ఒక జులుమే.

ఇంకో పొరపాటు కూడా మన మధ్య ఉంది. రమజాన్‌లో తల్లికి ఇచ్చిన డబ్బును జకాత్ లెక్కలో రాసుకునేవారు ఉన్నారు. తల్లిదండ్రులకు జకాత్ ఇవ్వడం చెల్లదు, ఎందుకంటే వారి పోషణ మీ మీద ముందే ఉన్న బాకీ. బాకీ తీర్చి దానిని దానమని చెప్పుకోరాదు.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. ఆర్డీవో ఆఫీసు ఉందని తెలిసినా అక్కడికి ఎవరు తీసుకెళ్తారు? మర్రిగూడ, మునుగోడు వైపు పాత తరం ఎముకల్లో ఫ్లోరైడ్ నీళ్ళ గుర్తు ఇంకా పోలేదు. వంగిపోయిన నడుముతో, చదువు రాని చేతితో, కొడుకు ఇంట్లోనే ఉంటూ, ఆ కొడుకుపైనే ఫిర్యాదుకు బస్సెక్కడం మాటలా? అప్పుల ఒప్పందం గురించి చెప్పే పెద్ద ఆయత్ (అల్ బఖరా, 282)లో అల్లాహ్ ఈ పరిస్థితిని విడిచిపెట్టలేదు. బలహీనుడు, చెప్పి రాయించలేనివాడు ఉంటే అతని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలని ఆజ్ఞాపించాడు. 2007 చట్టం కూడా, పెద్దవారు స్వయంగా రాలేకపోతే వారు అధికారం ఇచ్చిన మరో వ్యక్తి గానీ, సంస్థ గానీ దరఖాస్తు పెట్టవచ్చని చెబుతోంది. ఆ మరో వ్యక్తి మన మస్జిద్ కమిటీలో ఎందుకు ఉండకూడదు?

జాలిమ్‌కు కూడా సహాయం చేయమని దైవప్రవక్త (స) అన్నప్పుడు సహాబాలు ఆశ్చర్యపోయారు. అతని చేతిని జులుం నుండి ఆపడమే అతనికి చేసే సహాయమని ఆయన వివరించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. కాబట్టి ముతవల్లీ సాబ్, ఇద్దరు పెద్దమనుషులు కలిసి ముందు కొడుకు దగ్గరికే వెళ్ళాలి. సగం వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి, ఎందుకంటే చాలామంది కొడుకులు అల్లాహ్‌కు భయపడకపోయినా ఊరికి భయపడతారు. కానీ పంచాయితీ పేరుతో ముసలివారి నోరు మూయించి, "నీ కొడుకే కదా, మాఫ్ చెయ్" అని పంపేయడం సుల్హ్ కాదు. కొట్టడం జరిగినచోట, అన్నం ఆపినచోట పంచాయితీలతో రోజులు గడపకూడదు. ప్రాణభయం ఉంటే 100 లేదా 112కు ఫోన్ చేయాలి. మిగతా వేళల్లో వృద్ధుల కోసమే 2021 అక్టోబరు 1న దేశమంతటికీ ప్రారంభమైన ఎల్డర్ లైన్ 14567 ఉంది. ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పలుకుతుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఉచిత న్యాయ సలహాకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ, 15100 నంబరు ఉన్నాయి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వవచ్చు. ఉద్యోగస్తులైన కొడుకుల సంగతి కూడా ప్రభుత్వం దృష్టికి వచ్చింది. తల్లిదండ్రుల్ని చూడని ప్రభుత్వోద్యోగుల జీతంలో కోత పెట్టి ఆ డబ్బు వారికి ఇచ్చేలా చట్టం తెస్తామని ముఖ్యమంత్రి 2025 అక్టోబరులో ప్రకటించారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు ఒక ముసలి అంధుడు గుమ్మాల ముందు అడుక్కుంటూ కనిపించాడు. అతను యూదుడు. ఉమర్ (రజి) అతని చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళారు, ఉన్నది ఇచ్చారు. తర్వాత బైతుల్ మాల్ అధికారిని పిలిపించి, ఇతనికీ ఇతనిలాంటి వారికీ ఏర్పాటు చేయమన్నారు. వయసులో ఉన్నప్పుడు పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేస్తే అది న్యాయం కాదన్నారు. ఇమాం అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) దీనిని తన కితాబుల్ ఖరాజ్‌లో రాశారు. మన మస్జిద్ సఫ్‌లో నలభై ఏళ్ళు మన పక్కన నిలబడి నమాజు చదివిన మనిషి రెండు జుమాలుగా రాకపోతే, ఆయన ఇంటికి వెళ్ళి చూసే బాధ్యత ఎవరిది? ఒక్కో వాడకు ఇద్దరు యువకులను నియమించుకోండి. పింఛను రోజున పోస్టాఫీసు దగ్గర ఉండి, డబ్బు ఎవరి చేతికి పోతోందో చూడమనండి. ఒంటరి దాదీల ఇళ్ళకు ఆడవాళ్ళను పంపండి, కోడలు ఎదురుగా లేనప్పుడు మాట్లాడమనండి. నమాజు వేళలు రాసే బోర్డు కింద ఆ నంబర్లు కూడా పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. వచ్చే జుమాకు ఇమాం సాబ్ ఖుత్బాకు ముందు వాటిని ఒకసారి చదివి వినిపిస్తే, వెనుక సఫ్‌లో కూర్చున్నవారు అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి అడగవలసిన అవసరం ఉండదు.